మూడు చుక్కలూ ఒక రబ్బరూ

ఇది రాసి పెట్టక తప్పని పరిస్థితి పోయిన నెలలో వచ్చింది. మా వీధి గ్రంథాలయానికి కొత్త బీరువాలు వచ్చాయని చిన్న సభ పెట్టి, పాత పాఠకుడినని నన్నూ వేదిక మీద కూర్చోబెట్టారు. మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను పరిచయం చేస్తూ, "ఈయన ఇన్నేళ్లుగా గ్రంథాలయ పుస్తకాలు చదువుతున్నారు, ఏ పుస్తకం మీదా ఒక్క పెన్సిల్ చుక్క పెట్టి ఎరగరు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా పెద్దమనిషిలాగా తల వంచి నమస్కారం పెట్టాను. ఇంటికి వచ్చి చొక్కా విప్పుతుంటే మాత్రం ఆ చప్పట్లు ఒంటికి అంటుకున్న నల్లేరు దురదలాగా వదల్లేదు. నేను పెట్టిన చుక్కలు నాకు తెలుసు. పెట్టినవాటి కంటే ముందు చెరిపినవి ఇంకా బాగా తెలుసు. ఆ సంగతి తెలిసిన మిగతావాళ్లు ఇప్పుడు లేరు. నేనూ చెప్పకుండా పోతే ఆ కుర్రాడి మాటే నిజమైపోతుంది.

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర, మదనపల్లెలో చదువుకున్నవాళ్లు రెండు రకాలుగా ఉండేవాళ్లు. కాలేజీకి పోయి చదువుకున్నవాళ్లు ఒక రకం, గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాళ్లు ఇంకో రకం. నేను రెండో రకం. (ఎనిమిదో తరగతి తప్పాను. రెండోసారి తప్పడానికి ఆత్మాభిమానం ఒప్పుకోలేదు.) ఆ తర్వాత నా చదువంతా శాఖా గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మీద జరిగింది. పురుగుల మందుల కరపత్రాల నుంచి లావుపాటి నవలల దాకా, చేతికి దొరికింది దొరికినట్టు మింగేశాను. అరిగిందా లేదా అన్నది వేరే విషయం. చదివిన మాటలన్నీ ఇంట్లో వాడేవాణ్ని. ఒక రోజు అన్నం తింటూ, "అమ్మా, ఈ చారులో సమతుల్యత లోపించింది" అన్నాను. మా అమ్మ గరిటె దించి, "ఉప్పు తక్కువైందని సెప్పేదానికి అంత దూరం పొయ్యి రావల్లనా రా?" అంది.

బతుకుతెరువు కోసం ఒక సబ్బుల ఏజెన్సీలో ఆర్డర్లు తీసుకునే పనిలో చేరాను. మంగళవారం పుంగనూరు, గురువారం కుప్పం, మిగతా రోజులు మదనపల్లె అంగళ్లు. భుజాన నమూనా సబ్బుల సంచీ. అందులోనే నా పుస్తకం, చదివిన పుస్తకాల పేర్లు రాసుకునే నోటుబుక్కు, పెన్సిల్. నా చొక్కా, నా పుస్తకం, నా అన్నం క్యారియర్ కూడా గంధం సబ్బు వాసన కొట్టేవి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు "పెండ్లికి పోతాండావా అప్పా?" అని అడిగేవాళ్లు. ఈ తిరుగుడు వల్ల నాకు కలిగిన గొప్ప లాభం, మూడు ఊళ్ల గ్రంథాలయాల్లోనూ సభ్యత్వం. మూడు కార్డులు జేబులో పెట్టుకుని తిరిగే పాఠకుడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మీద మొదటి దెబ్బ ఒక నవల చివరి పుటలో పడింది. కథ అయిపోయిన చోట, కింద ఖాళీ జాగాలో, పెన్సిల్‌తో ఎవరో మూడు చుక్కలు పెట్టి వాటి కింద ఒక గీత గీశారు. గీత ఒక పక్కకు వంగి ఉంది. ఎవరో పనిలేనివాళ్లు గీశారులే అనుకున్నాను. తర్వాతి పుస్తకంలోనూ ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ ఉంది. చదివిన పాత పుస్తకాలు మళ్లీ తీసి చూస్తే వాటిలోనూ చాలావాటిలో ఉంది. నేను కష్టపడి, కళ్లు నొప్పి పుట్టేలా చదివి చివరి పుటకు చేరేసరికి, ఆయన ముందే వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఇప్పుడొస్తాండావా అప్పా?" అని పలకరిస్తున్నట్టు ఉండేది.

గ్రంథాలయాల మధ్య పుస్తకాలు ఇనప పెట్టెల్లో మారుతూ ఉండేవి. అందుకని పుంగనూరులో పుస్తకం తీసినా ఆ చుక్కలే, కుప్పంలో తీసినా ఆ చుక్కలే. మనిషి మదనపల్లె దాటాడో లేదో తెలియదు కానీ, ఆయన చదువు నాకంటే ముందు బస్సెక్కి పోయినట్టుండేది. ఎలాగైనా ఆయన ముట్టని పుస్తకం ఒకటి పట్టాలని, పట్టుపురుగుల పెంపకం గురించిన పుస్తకం తీసుకుని, పురుగు ఎన్ని సార్లు పొర విడుస్తుందో, ఏ పొర తర్వాత ఎంత ఆకు తింటుందో, అంతా పట్టుదలగా చదివాను. చివరి పుట తిప్పాను. మూడు చుక్కలు, ఒక గీత. ఆ రోజు నేను అన్నం తినలేదు. (మా అమ్మ, పురుగుల బొమ్మలు చూసి అసహ్యం పుట్టిందేమో అనుకుంది.)

చుక్కల పక్కన ఇంకొకటి కూడా ఉండేది. నల్లటి బొటనవేలి ముద్ర. మసి. పుస్తకాన్ని ఇంత మురికి చేతులతో పట్టుకునే మనిషికి అంత చదువెందుకు అని నా ఏడుపు. నా ఊహలో ఆయన పింఛను తీసుకునే పెద్ద ఉద్యోగి, పడక కుర్చీ, పక్కన కాఫీ, చేతిలో చుట్ట (మసికి అదే కారణమని తేల్చేశాను).

ఒక రోజు ఉండబట్టలేక గ్రంథాలయాధికారిని అడిగాను. ఆయన్ని అందరూ అద్దాల సారు అనేవాళ్లం. ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకొకటి నుదుటి మీద ఎప్పుడూ ఉండేవి.

"సార్, ఈ చుక్కలు ఎవరు పెడుతున్నారు?"

అద్దాల సారు నుదుటి అద్దాలు కిందికి దించి చూసి, "ఓ, అదా. ముప్పై ఏడో నంబరు కార్డప్పా. గురువారం గురువారం వస్తాది. ఇట్లాంటి కార్డు నా కాడ ఇంకొకటి లేదు" అన్నాడు. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఒక గౌరవం వినిపించింది. నేను ఇన్నేళ్లుగా ఆ గొంతులోంచి నా కోసం బయటికి తీయాలని ప్రయత్నిస్తున్న గౌరవం అది.

"పుస్తకాల మీద రాయకూడదు కదా సార్?"

"రాయగూడదు."

"మరి?"

"ముప్పై ఏడుకు రాయొచ్చు" అని మళ్లీ రిజిస్టర్‌లోకి వంగిపోయాడు.

గురువారం కాపు కాసి చూద్దామంటే గురువారం నాకు కుప్పం. ఆ వంకతో ముప్పై ఏడో నంబరు మొహం చూడకుండానే నా అసూయ బాగా ఒళ్లు చేసింది. చివరికి ఒక మంగళవారం పుంగనూరులో ఒక రబ్బరు కొన్నాను.

ఇప్పుడు చెబితే సిగ్గుగా ఉంది కానీ, మొదటిసారి ఆ మూడు చుక్కలు చెరిపి, రబ్బరు పొట్టు ఉఫ్‌మని ఊదినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. "ప్రజల ఆస్తిని శుభ్రం చేస్తున్నాను" అని నాకు నేను చెప్పుకున్నాను. మదనపల్లెలో చెరిపాను, పుంగనూరులో చెరిపాను, కుప్పంలో చెరిపాను. సబ్బుల ఆర్డర్లు తగ్గాయి, చెరిపిన పుస్తకాలు పెరిగాయి. ఏవి చెరిపానో నోటుబుక్కులో పేర్ల పక్కన టిక్కు పెట్టుకునేవాణ్ని. (నేరాన్ని ఇంత క్రమశిక్షణతో చేసినవాళ్లు తక్కువ.) మదనపల్లెలో ఒక పాత నవల కాగితం మరీ నాసిగా ఉండి, రుద్దుతుంటే చుక్కలున్న చోట చిల్లు పడింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను. తర్వాత ఆ పుస్తకాన్ని అరలో వెనక వరుసలోకి తోసి, చేతులు దులుపుకుని వచ్చేశాను.

ఆ రోజుల్లోనే బస్సులో ఒక వింత జరిగింది. పుంగనూరు బస్సులో నేను నవల చదువుకుంటుంటే, పక్కన తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన, సోమల ఊరివాడు, తొంగి చూసి, అట్ట మీది బొమ్మ గుర్తుపట్టి, "డాక్టరమ్మ ఉత్తరం సించి పొయ్యిలో ఏస్తాదే, ఆ కతేనా అప్పా?" అన్నాడు.

నేను అదిరిపడ్డాను. "నువ్వు చదివినావా?"

"నాకు సదువు యాడిదప్పా. రెండు పుటలు తెలుసు అంతే."

"రెండు పుటలే ఎట్లా తెలుసు? తర్వాత ఏమైంది?"

"ఏమో. మా బిందె అయిపోయింది, నేను లేసొచ్చేసినాను" అని, తన ఊరి రోడ్డు రాగానే దిగిపోయాడు. బిందె అయిపోవడం ఏమిటి, దానికీ డాక్టరమ్మకూ సంబంధం ఏమిటి అని ఆ వారమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మంచి పాఠకుడికి కూడా అర్థం కానివి కొన్ని ఉంటాయని సరిపెట్టుకున్నాను.

ఆ ఏడు గ్రంథాలయ వారోత్సవాల్లో, అందరికంటే ఎక్కువ పుస్తకాలు తీసుకున్నవాళ్లకు బహుమతి ఇస్తామని అద్దాల సారు ప్రకటించాడు. అది నాకేనని నాకే కాదు, మా వీధికంతా తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. మా అమ్మ ఇద్దరు పొరుగువాళ్లను వెంటేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది. బల్ల మీద తళతళలాడే ఎవర్‌సిల్వర్ లోటా ఉంది. అప్పట్లో ఎవర్‌సిల్వర్ (స్టీలు) కొత్త మోజు, ఇంట్లో ఒక్క లోటా ఉన్నా గూట్లో కనబడేలా పెట్టుకునేవాళ్లు. నేను లేచి నిలబడడానికి సిద్ధంగా కుర్చీ అంచుకు జరిగాను.

"ఈ సంవత్సరం ఉత్తమ పాఠక బహుమతి, ముప్పై ఏడో నంబరు కార్డుకు" అన్నాడు అద్దాల సారు.

ఎవరూ లేవలేదు. ఆ నిశ్శబ్దంలో మా అమ్మ గొంతు గదంతా వినబడింది. "రేయ్, నీ నంబరు ముప్పై ఏడు కాదా?"

"నూటపన్నెండు."

"అయితే నన్ను యాల రమ్మన్నావురా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను మునిగిపోతుండగా అద్దాల సారు లోటా తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. మనసు మార్చుకున్నాడేమో అనుకున్నాను. "నువ్వు ఊరంతా తిరిగేవాడివి గదప్పా. ఇది కళాయి మామూ అంగట్లో ఇచ్చిరా. ముప్పై ఏడు ఆడ ఉండాది" అన్నాడు. (నా శత్రువు బహుమతిని నేనే మోసుకుపోయి ఇవ్వడం! ఇంతకంటే ఘోరమైన శిక్ష నేను చదివిన ఏ నవలలోనూ లేదు.)

కళాయి అంటే ఇత్తడి, రాగి పాత్రల లోపల వేసే తగరం పూత. ఆ పని చేసే కళాయి మామూ అంగడి బస్టాండు వెనక సందులో ఉండేది. అంగడి అంటే రేకు పంచ, నేలలో చిన్న పొయ్యి గుంత, తోలు తిత్తి, చుట్టూ ఇత్తడి బిందెలు, రాగి చెంబులు. అరవై దాటిన మనిషి, నెత్తి మీద టోపీ, మోచేతుల దాకా మసి. నేను లోటా చాపగానే చేత్తో పట్టుకుని తిప్పి చూసి, "నక్కో, వద్దప్పా. దీనికి కళాయి ఎక్కదు. దీనికి కళాయి అక్కర్లేదు కాబట్టే మాకు అన్నం అక్కర్లేకుండా పోతాండాది" అన్నాడు.

"కళాయికి కాదు మామూ. ముప్పై ఏడో నంబరుకు బహుమతి. అద్దాల సారు పంపినాడు. ఆయన ఉన్నాడా?"

ఆయన నన్నొకసారి, లోటానొకసారి చూసి పెద్దగా నవ్వాడు. "సదివిందానికి ఇచ్చినాడా? నాకు అలీఫ్ రాదు, అ ఆ రాదు!" ఇంకేదో అడగబోయేంతలో, బిందె తెచ్చి కూర్చున్న ఒకామె తొందరపెట్టింది. మామూ తిత్తి అందుకుంటూ, పక్కన గుడ్డలో చుట్టిన పుస్తకం తీసి నా ఒళ్లో పడేశాడు. "సబ్బుల అప్పవు గదా నువ్వు, సదువు వచ్చుంటాది. ఈ బిందె అయ్యేదాకా రెండు పుటలు సదువు. ఆకు పెట్టిన కాడి నుంచి."

అప్పుడు తెలిసింది నాకు సోమల పెద్దాయన రహస్యం. కళాయి అయ్యేదాకా ఊరికే కూర్చోవాలి కదా, చదువొచ్చినవాళ్ల చేత రెండు పుటలు చదివించుకోవడం, వాళ్ల బిందె కాగానే పుస్తకం తర్వాతి మనిషి చేతికి ఇవ్వడం. రానివాళ్లు వింటారు. కలకడ నుంచి, తంబళ్లపల్లె నుంచి వచ్చిన రైతులంతా ఒక్కో నవలలో రెండేసి పుటలు తెలిసినవాళ్లై ఊళ్లకు పోయేవాళ్లు.

నేను గొంతు సవరించుకుని, నాకొచ్చిన గొప్పంతా చూపిస్తూ చదవడం మొదలుపెట్టాను. "ఎవురీయప్ప, మైకు మింగినట్ల సదువుతాండాడు?" అంది బిందె ఆమె. మామూ, "సదవనీమ్మా. కొత్త" అన్నాడు. చదువుతూ ఓరగా చూశాను. ఇసకతో తోమిన బిందె నిప్పుల మీద ఎర్రబడింది. నవసాగరం చల్లగానే తెల్లటి పొగ లేచింది. మామూ తగరం కడ్డీ తీసి బిందె లోపల టక్, టక్, టక్ అని మూడు చోట్ల అద్దాడు. మూడు చుక్కలు మెరిశాయి. వెంటనే దూది ఉండతో ఒక్క వాటు తుడిచాడు. ఒక పక్కకు వంగిన గీత.

నేను చదవడం ఆపేశాను.

"ఏమప్పా, నిలిపేస్తివి?"

"మామూ... ఆ చుక్కలు, గీత..."

"అదా? కళాయి అయిపోయిందని గుర్తు. మా ఇంట్లో ఆమె ఆటకు పుస్తకంలో పెట్టేది. 'నువ్వు బిందె ముగిస్తివి, నేను పుస్తకం ముగిస్తిని' అనేది. తెలుగు బళ్లో ఐదు దాకా సదివింది. ఆడ, ఆ గోడకానుకొని కూర్చుని సదివేది, నేను తిత్తి ఊదతా ఇనేవాణ్ని. ముప్పై ఏడు ఆమెదే. ఆమె పొయ్యి రెండేండ్లాయ." ఆయన బిందెను నీళ్లలో ముంచాడు. సర్రుమంది. "సారు మంచోడు, కార్డు కొట్టేయలా. గురువారం పొయ్యి ఒక్కో పుస్తకం ఆఖరు పుట సూస్తాను. సుక్కలుంటే ఆమె సదివింది. తెచ్చుకుంటాను. మళ్లా ఇంటాను. లేనిది నాకెందుకు?"

"పట్టుపురుగుల పుస్తకం కూడానా?" అన్నాను. ఏం అడగాలో తెలియక అది అడిగాను.

"హౌ! అది శానా ఇష్టం ఆమెకు. పురుగులు నిద్దరపోయే కాడ రెండుసార్లు సదివింది." తిత్తి మళ్లీ అందుకున్నాడు. "ఈ మధ్యన ఎవురో రుద్దేస్తాండారప్పా. ఏం పాపం చేసిందో ఆమె."

"ఎవరో పనిలేనివాళ్లు" అన్నాను నేను, జేబులో రబ్బరు పెట్టుకుని.

నేను ఇన్నాళ్లూ కుళ్లుకున్నది పడక కుర్చీ ఉద్యోగి మీద కాదు, గోడకానుకుని మొగుడికి కథలు చదివి, చనిపోయిన ఒక మనిషి మీద. దారిలో రబ్బరును కాలవలో పారేశాను. పారేస్తే సరిపోదు కదా. నోటుబుక్కులో టిక్కులున్నాయి. ఆ టిక్కులు పట్టుకుని, చెరిపిన ప్రతి పుస్తకంలోనూ మళ్లీ చుక్కలు పెట్టడానికి బయలుదేరాను. మదనపల్లెలో అద్దాల సారు భోజనానికి పోయినప్పుడు పెట్టాను. పుంగనూరులో స్తంభం చాటున కూర్చుని పెట్టాను. చక్కగా, సమానమైన దూరంలో మూడు చుక్కలు, కింద స్కేలుతో గీత. (నేను ఏ పని చేసినా ఒక ప్రమాణం ఉండేది.) కుప్పంలో మాత్రం దొరికిపోయాను. అక్కడి గ్రంథాలయాధికారిణిని గొడుగు మేడమ్ అనేవాళ్లు, లోపల కూర్చున్నా గొడుగు పక్కనే ఉండాలి. ఆ గొడుగు కొన నా పుస్తకం మీద ఆనింది.

"ఏమయ్యా, పుస్తకం పైన ముగ్గు ఏస్తాండావా?"

"లేదు మేడమ్, ఇది ముందే ఉండేది, నేను..."

"ముందే ఉంటే నువ్వు ఎందుకు ఏస్తాండావు?"

నేను పెన్సిల్ దాచబోయాను. ఆమె నా కార్డు అడిగి తీసుకుని, రెండు ముక్కలు చేసి నా చేతిలోనే పెట్టింది. అన్ని పుస్తకాలు చెరిపినప్పుడు ఎవరూ పట్టుకోలేదు, దిద్దుతున్నప్పుడు పట్టుకున్నారు.

అయినా పని చాలామట్టుకు అయిందన్న ధైర్యంతో, రెండు వారాల తర్వాత మా అమ్మ ఇత్తడి గిన్నె ఒకటి పట్టుకుని మామూ దగ్గరికి పోయాను. ఏమీ ఎరగనట్టు, "మామూ, పుస్తకాలు దొరుకుతున్నాయా?" అన్నాను.

ఆయన గిన్నె అందుకున్నాడు. "దొరకతాండాయి. అయితే అప్పా, ఆమె ఏనాడూ స్కేలు పెట్టలా."

నేను పొయ్యి గుంత వైపు చూపు తిప్పాను.

"నా పనే రుద్దేది. రుద్దిన సోటు నాకు తెలీకుండా ఉంటాదా? ఆమె పెన్సిలు గట్టిగా ఒత్తుతాది. రంగు పోయినా గుంత పోదు. ఈ ఏలితో తడిమితే తగలతాది." మసి బొటనవేలు చూపించాడు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న ముద్ర అదే. ఆయన తడుముకుంటూ ఆమెను వెతికిన జాడ. "రుద్దినోడు ఎవురో గూడా నాకు ఆ పొద్దే తెలుసు. రుద్దిన పుట అన్నిట్లో గంధం సబ్బు వాసన. నువ్వు లోటా పట్టుకొని పంచలోకి అడుగు పెడితివి, అదే వాసన."

"మరి ఆ రోజే ఎందుకు తిట్టలేదు మామూ?"

"రెండు పుటలు బాగా సదివితివి" అన్నాడు.

అప్పుడు గుడ్డ విప్పి ఒక పుస్తకం తీసి, చివరి పుట నా ముందు పెట్టాడు. నేను వెనక వరుసలోకి తోసిన పాత నవల. చిల్లులో వేలు పెట్టి చూపించాడు. "ఇది మాత్రం పోయిందప్పా. ఇది నాకు బాగా గుర్తు. మూడు దినాలు ముసురు, పొయ్యి ఎలగలా, ఇంట్లో ఏమీ లేదు. ఆ మూడు దినాలూ ఆమె ఇదే సదివింది, ఆకలి తెలీకుండా. ఆఖర్న సుక్కలు పెట్టి, 'ఈ పొద్దు బిందె లేకున్నా కళాయి అయింది' అనింది." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఆ చిల్లుకు అవతల ఆయన వేలు నల్లగా కనబడుతోంది. ఆ వేలికి ఇంక తగలడానికి ఏమీ లేదు.

నేను ఏడ్చాను. (పొగ అని పక్కవాళ్లతో చెప్పాను. ఆ రోజు పొగ లేదు.) ఏం చేయమంటావు మామూ అని అడిగితే, ఆయన గిన్నెలో ఇసక పోసి కాళ్లతో తిప్పుతూ, "రుద్దేసి ఇంటికి పోతే ఎట్లప్పా? కళాయి ఎవురు పెడతారు? ఆయితారం ఆయితారం వొచ్చి సదువు. దీన్నుంచే మొదలుపెట్టు" అన్నాడు.

అలా నా ఆదివారాలు కళాయి పంచకు పోయాయి. ఆమె ఆనుకున్న గోడకే ఆనుకుని, చెరిపిన ప్రతి పుస్తకమూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. అసూయ పోయిందనుకుంటున్నారా? అప్పుడే అసలైన అసూయ మొదలైంది. ఒక్కో అధ్యాయం అయ్యాక, "ఎట్లుంది మామూ?" అని అడిగేవాణ్ని.

"బాగుండాది. ఆమె మాదిరి లేదు."

గొంతు తగ్గించి చదివాను. "బాగుండాది. ఆమె మాదిరి లేదు." మైకు మింగడం మానేశాను. పాత్రల మాటలు పాత్రల్లాగా చదివాను. డాక్టరమ్మ ఉత్తరం చించే చోట ఆగి ఆగి చదివాను. పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు. నేను గర్వంగా చూశాను. మామూ నిప్పుల వైపు చూస్తూ, "బాగుండాది" అన్నాడు. పుస్తకం మూసి ముందుకు వంగాను. "ఆమె మాదిరి లేదు." కళ్లతో ఎన్నడూ చూడని మనిషితో ఇన్ని ఆదివారాలు పోటీపడి, ఒక్కసారి కూడా గెలవని పాఠకుడు నేనొక్కడినే అయివుంటాను.

ఎనభైలు వచ్చేసరికి ప్రతి ఇంట్లో ఎవర్‌సిల్వర్ వచ్చింది. బిందెలు రావడం తగ్గింది, వినేవాళ్లు తగ్గారు. ఒక ఆదివారం నేను పోయేసరికి పొయ్యి గుంత పూడ్చేసి ఉంది. కుప్పంలో తమ్ముడి ఇంటికి పోయాడని పక్క అంగడాయన చెప్పాడు. నాకు చెప్పకుండా పోయాడని కోపం. కుప్పం నా లైను కాకుండా మారిపోయిందని ఒక సాకు. అలా రెండేళ్లు గడిచాక, ఒక పెళ్లికి కుప్పం పోయి, వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్లాను.

మామూ నులక మంచం మీద ఉన్నాడు. చూపు బాగా మందగించింది. మంచం పక్కన తమ్ముడి మనవరాలు, ఇంటర్ చదివే పిల్ల, కూర్చుని పుస్తకం చదివి వినిపిస్తోంది. తడబాటు లేకుండా, నీళ్లు పారినట్టు చదువుతోంది. గడపలో నిలబడి విన్నాను. నాకంటే బాగా చదువుతోంది, అందులో సందేహం లేదు. ఆ పాత అసూయ చప్పున లేచింది. ఇంత వయసొచ్చి, ఇంత చదివి, ఒక చిన్నపిల్ల మీద!

ఆ పిల్ల అధ్యాయం ముగించి, "ఎట్లుంది తాతా?" అంది.

మామూ తల ఊపాడు. "బాగుండాదమ్మా." ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు. నేను సబ్బుల పని మానేసి ఏడాది దాటింది, కానీ ఆ వాసన వదిలిపోయేది కాదేమో. ఆయన మొహం గడప వైపు తిరిగింది. "బాగుండాది. సబ్బుల అప్ప మాదిరి లేదు."

వచ్చేటప్పుడు ఆయన గూట్లోంచి ఎవర్‌సిల్వర్ లోటా తీయించి నా చేతిలో పెట్టాడు. "ఇది ఆమెది. నువ్వే తెస్తివి, నువ్వే పెట్టుకో" అన్నాడు. దాని అడుగున, పాత్రల మీద పేర్లు కొట్టే ఉలితో, చూపు ఆనకపోయినా వేలితో తడుముకుంటూ కొట్టాడట, మూడు చుక్కలు, ఒక గీత. గీత వంకరగా, ఒక పక్కకు వంగి ఉంది.

ఇక ఈ కథకు సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. రూలు తప్పి ఒక కార్డును బతికించిన అద్దాల సారుకు. రెండు పుటలతో నా బుర్ర తొలిచిన సోమల పెద్దాయనకు. నా కార్డు చించిన గొడుగు మేడమ్‌కు (న్యాయంగానే చించారు). కళాయి కోసం గిన్నె ఇచ్చి, అది నాలుగు గంటలైనా తిరిగి రాకపోతే "గిన్నెకు కళాయి ఏస్తాండారా, నీకు ఏస్తాండారా?" అని అడిగిన మా అమ్మకు. రెండింటికీ వేశాడని ఆమెకు చెప్పలేకపోయాను. కళాయి మామూకు. ఆఖరున ముప్పై ఏడో నంబరుకు. ఆమె పేరు నేను ఎన్నడూ అడగలేదు. అంత చదివినవాణ్ని, అది అడగడం తోచలేదు.

ఆ లోటాలో ఇప్పుడు రోజూ పొద్దున మజ్జిగ తాగుతాను. అడుగున ఉన్నది గీరుకుపోయిన మచ్చ అనుకుని, మా ఆవిడ ప్రతిరోజూ పీచు పెట్టి గట్టిగా రుద్దుతుంది. నేను ఏమీ అనను, పక్కన నిలబడి చూస్తూ ఉంటాను. అది పోదు.